ఏపిచెట్లకు పురుగు పట్టిన ఏడు

అటవీశాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, చివరికి అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు: "మీ సర్వీసులో చిరుతపులి ఎప్పుడైనా ఎదురుపడిందా సార్?" పడింది, రెండుసార్లు. రెండుసార్లూ అదే నన్ను చూసి పక్కకు తప్పుకుంది. నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం చింతగింజంత కూడా లేని ఒక పెంకుపురుగు. ఆ సంగతి మొదలుపెడితే పిల్లల ముఖాలు వాడిపోతాయి. అందుకని ఇక్కడ రాస్తున్నాను. రాస్తే, మధ్యలో లేచిపోయేవాళ్ళు నాకు కనిపించరు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మగ్గం గుంతలో కూర్చుంటే పావుగంటకే నాకు కాళ్ళు తిమ్మిరెక్కేవి. "వీడు మగ్గానికి పనికిరాడు, యాడన్నా నడిచే ఉద్యోగం చూడండప్పా" అని నాయన చుట్టాలందరికీ చెప్పి పెట్టాడు. అట్లా నేను ఫారెస్టు గార్డునయ్యాను. రాష్ట్రం ఏర్పడి కొన్నేళ్ళే అయింది. మా ఆఫీసులో ఇంకా మద్రాసు కాలం నాటి ఫారాలే నింపేవాళ్ళం. అరవైల మొదట్లో నన్ను పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, కొండల కింద ఒక బీటుకు వేశారు. బీటంటే ఒక గార్డు కాపలా కాయవలసినంత అడవి. ప్యాసింజరు బండి దిగి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఆరు మైళ్ళు నడిచి నా క్వార్టరు చేరుకున్న రోజు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. క్వార్టరంటే ఒక గది, ఒక వసారా, వసారాలో నాకంటే ముందే కాపురం పెట్టిన రెండు మేకలు.

ఆ కొండల మీద ఎక్కువగా ఏపిచెట్లు ఉండేవి. వేప కాదు, ఏపి. నిటారుగా పెరిగే చెట్టు, వాలిన కొమ్మలు, జంటలు జంటలుగా ఆకులు. చేవ ఎంత గట్టిదంటే గొడ్డలి తిరగబడుతుంది. ఎండాకాలంలో పశువులకు ఆ ఆకే మేత. అన్నిటికంటే విలువైంది దాని బెరడు. బెరడు ఒలిచి, నానబెట్టి, నార తీసి మోకులు పేనేవాళ్ళు. అప్పట్లో చాలా బావుల మీద ఎద్దులతో నీళ్ళు తోడే కపిల తోలేవాళ్ళు కదా, ఆ బరువుకు ఏపినార మోకులే ఆగేవి. కానీ నిలబడి ఉన్న చెట్టుకు బెరడు ఒలిస్తే చెట్టు దెబ్బతింటుంది. అందుకని రిజర్వు అడవిలో బెరడు ఒలవడం నేరం. పట్టుకుని కేసు రాయడం నా పని.

నాకు తోడుగా ఒక వాచరు ఉండేవాడు. యాభై దాటినవాడు, మడకశిర వైపు మనిషి, మాటలో సగం కన్నడం. నేను అడవిని చూసి నేర్చుకున్నది కొంత, అతని వెనక నడిచి నేర్చుకున్నది మిగతా అంతా. "ఏమప్పా, బూట్లు చూసుకొని నడిస్తే చెట్లు యాడ కనపడతాయి?" అనేవాడు. కొత్త బూట్లు. చూసుకోకుండా ఉండలేకపోయేవాణ్ణి.

వరుసగా రెండేళ్ళు వానల్లేవు. రెండో ఏటి ఎండాకాలంలో నేను నా మొదటి కేసు పట్టాను. కొండ కింద పదిపన్నెండు కొట్టాలు ఉండేవి, తాళ్ళు పేని బతికేవాళ్ళవి. ఆ కొట్టాలకు చెందిన ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయేమో, ఏపిచెట్టు దగ్గర బెరడు ఒలుస్తూ నాకు ఎదురుగా దొరికిపోయింది. పారిపోలేదు. ఒలిచిన పట్టను చుట్ట చుట్టి, చేతులు తుడుచుకుని నిలబడింది.

"ఏమ్మే, ఇది సర్కారు అడవని తెలీదా?" అన్నాను. ఇరవైరెండేళ్ళ వయసులో ఖాకీ చొక్కా వేసుకుంటే నోట్లోంచి అట్లాంటి మాటలే వచ్చేవి.

"తెలుసప్పా. బావుల్లో నీళ్ళు లోతుకు పోయి అందరి మోకులూ తెగిపోతాండాయి. అడిగినోళ్ళకు లేదని యెట్ల చెప్పేది? ఒక పక్కే ఒలిచినా చూడు. చుట్టూ ఒలిస్తే కదా చెట్టు సచ్చేది."

నేను చూడలేదు. గొడ్డలి తీసుకున్నాను, పట్టచుట్ట వాచరు భుజాన వేయించాను, ఆమెను ముందు నడవమన్నాను. కొంతదూరం పోయాక ఆమె వెనక్కి తిరిగి అంది:

"ఒక మాట చెప్తా, ఇను గార్డప్పా. ఆ గుట్ట ఎనకాల కంట్రాక్టరు కొట్టి పడేసిన దుంగలుండాయి. పట్టతోనే పడుండాయి. పారేసినవే కదా, ఒలుచుకుందామని పోతి. వేలు పెడితే పొడి రాల్తాండాది. లోపలంతా తెల్లపురుగు. నన్ను పట్టుకున్యావు, సరే. అవి చూడుపో బిన్నా, తడవు చేయొద్దు."

నా దృష్టి మళ్ళించడానికి చెబుతోందని వాచరుతో అన్నాను. వాచరు పట్టచుట్టను భుజం మార్చుకున్నాడు. నిజం వేరే ఉంది. ఆ గుట్ట వెనక భాగాన్ని ఆ ఏడు కలప కొట్టడానికి వేలం వేశారు. అట్లాంటి ముక్కను మేము కూపు అంటాం. కంట్రాక్టరు పని ముగించాక, బెరడుతో ఉన్న కలప ఒక్కటి కూడా మిగలకుండా తీసుకుపోవాలి. గార్డు ఆ కూపంతా నడిచి చూసి, ఖాళీ అయిందని సంతకం పెట్టాలి. నేను పది రోజుల ముందే పెట్టాను. నడవలేదు. ఎండ మండిపోతోంది. కంట్రాక్టరు మనిషి చెట్టు నీడన చాప వేసి, కొత్తిమీర వేసిన మజ్జిగ ఇచ్చాడు. మజ్జిగ బాగుంది. రెండో లోటా తాగుతూ సంతకం పెట్టాను.

ఇప్పుడు పోయి చూస్తే, నా సంతకం అబద్ధమని నాకే తెలిసిపోతుంది. చూడకపోతే తెలియదు. ఆ వయసులో నాకు అది గొప్ప తెలివిగా తోచింది.

ఆమెను పెనుకొండ తీసుకుపోయాం. రేంజి ఆఫీసు అరుగు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి కాగితాలు రాశారు. కేసు కోర్టుకు పోయింది. రేంజరుగారు నా భుజం తట్టారు. ఆయన కోస్తా మనిషి. మా ఎండంటే ఆయనకు పడదు. కాచిన నీళ్ళ సీసా లేకుండా గడప దాటరు, జేబులో చిన్న నోటుపుస్తకం లేకుండా మాట్లాడరు. అట్లాంటి మనిషి భుజం తట్టాడని నేను ధర్మవరానికి ఉత్తరం రాసుకున్నాను.

మే నెల చివర్లో ఉరుములతో ఒక వాన పడింది. నాలుగైదు వారాల తరువాత ఒక పొద్దున వాచరు వచ్చి, "అప్పా, సుమ్నె, ఊరికే ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. అతని వెనకే నడిచాను. గుట్ట దాటాక చూపించాడు. పచ్చగా నిలబడిన ఏపిచెట్టు మొదట్లో, ఎవరో రాగిపిండి జల్లించినట్టు ఎర్రటి పొడి. పక్క చెట్టు కింద అంతే. దాని పక్కదాని కింద కూడా. బెరడుకు చెవి ఆనించి వినమన్నాడు. లోపల కరకరమని చిన్న చప్పుడు. హిందూపురం వైపు పట్టుపురుగుల ఇళ్ళలో మల్బరీ ఆకు మేసేటప్పుడు వినిపించే చప్పుడు అది. ఆ చప్పుడు వింటే అక్కడ రైతులు సంతోషిస్తారు. నేను చటుక్కున చెవి తీసేశాను.

రేంజరుగారికి కబురు పెట్టాను. ఆయన పైకి రాశారు. వారం తరువాత ఆయన వెంట పురుగుల శాస్త్రం చదివిన ఆఫీసరు ఒకాయన వచ్చాడు. సన్నటి మనిషి, సంచి నిండా గాజుసీసాలు. నేను ఉత్సాహంగా ఎండిపోయిన రెండు చెట్లు చూపించి, ఇవి కొట్టేద్దామా అని అడిగాను.

"ఎండింది కొట్టి ఏం లాభం? దాంట్లోంచి పురుగు ఎప్పుడో వెళ్ళిపోయింది. పురుగు ఉన్నది పచ్చగా కనిపించేవాటిలో" అన్నాడాయన. చాకుతో ఒక పచ్చని చెట్టు బెరడు చిన్న కిటికీలా కోసి చూపించాడు. లోపల మెలికలు తిరిగిన దారులు, దారి చివర తెల్లటి పిల్లపురుగు. "ఈ పురుగు మామూలుగా పడిపోయిన కలపలో పెరుగుతుంది. బెరడుతో వదిలేసిన దుంగలు చాలా దొరికితే అంతకు అంత అవుతుంది. పైగా కరువుకు చెట్లు నీరసించి ఉన్నాయి. దగ్గరలో అట్లాంటి కలప ఏదైనా ఉందా?"

రేంజరుగారు నావైపు తిరిగారు. "కూపులో ఏమైనా మిగిలిందా?"

"లేదు సార్. అంతా తీసుకుపోయారు."

వాచరు నేలకేసి చూస్తున్నాడు. ఆ మాట అన్నాక నాకు కలిగిన భయం, ఆ తరువాత ఏ అడవిమృగాన్ని చూసినా కలగలేదు. మరుసటిరోజు పొద్దున్నే నేనొక్కణ్ణే గుట్ట వెనక్కి పోయాను. దుంగలు అక్కడే ఉన్నాయి. పెన్సిలు దూరేంత రంధ్రాలు, వాటి నిండా. గోడకు మేకులు కొట్టి పీకేసినట్టు. పురుగులు ఎగిరిపోయాయి. ఆమె చెప్పిన రోజు వచ్చి చూసి ఉంటే ఇవి తగలబెట్టడానికి ఒక పూట పట్టేది.

ఆ ఆఫీసరు చెప్పిన వైద్యం విచిత్రమైంది. ఎటూ బతకని చెట్లు కొన్ని కొట్టి, దుంగలుగా కోసి, కొసలు రాళ్ళతో చితగ్గొట్టి నీడలో పరచమన్నాడు. చితికిన పచ్చి బెరడు వాసనకు పురుగులు చాలాదూరం నుంచి వస్తాయి. నిలబడిన చెట్లను వదిలి దుంగల బెరడులో గుడ్లు పెడతాయి. మూడు వారాలు పిల్లపురుగులు బెరడు కింద తింటూ ఉంటాయి, తరువాత చేవలోకి దిగిపోతాయి. ఆ మూడు వారాల్లోపల బెరడు ఒలిచి కాల్చేయాలి. "రోజులు జాగ్రత్తగా లెక్కపెట్టుకో. మూడు వారాలు దాటిందంటే నువ్వే పురుగులకు పురుడు పోసినవాడివి అవుతావు" అని నాకు చెప్పి బండెక్కి వెళ్ళిపోయాడు.

చుట్టుపక్కల ఊళ్ళనుంచి ముప్ఫైమంది కూలీలు వచ్చారు. కరువు కాబట్టి పిలవగానే వచ్చారు. నూరు దుంగలకు పైగా పరిచాం. పని ముగిసిన మూడోరోజు ముంగారు, అదే తొలకరి వాన దిగింది.

రెండేళ్ళ తరువాత వచ్చిన అసలైన వాన. ఎట్లా చెప్పాలి మీకు! మధ్యాహ్నం మొదలై పొద్దు కుంకేదాకా విడవకుండా కురిసింది. నేను, వాచరు వసారాలో నిలబడి చేతులు బయటికి చాపి నవ్వుతున్నాం. మేకలు కూడా బయటికి పోయి తడిశాయి. మరుసటి సాయంత్రం దుంగల దగ్గరికి పోతే, పురుగులు గుంపులు గుంపులుగా వచ్చి వాలుతున్నాయి, నల్లటి వీపులు, పొడుగాటి మీసాలు. ఆఫీసరు చెప్పింది చెప్పినట్టు జరుగుతోంది. ఆయన చెప్పనిది ఒకటి ఉంది. ఆ వానకు పురుగులు అడవిలోకి వచ్చాయి, మనుషులు అడవిలోంచి వెళ్ళిపోయారు.

ఒలవడానికి రమ్మంటే ఒక్క కూలీ రాలేదు. ఊళ్ళోకి పోయాను. ప్రతి ఇంటి ముందర గొర్రు, ఎద్దులు, శనక్కాయ విత్తనం బుట్టలు. ఒక పెద్దరైతు గట్టు మీద నిలబడి నా మాటంతా ఓపిగ్గా విన్నాడు.

"అడవి యాడికి పోతాదప్పా? ఆడనే ఉంటాది. నేలలో పదును పోతాది. నాలుగు దినాల్లో విత్తనం పడకపోతే ఈ ఏడు కూడా మాకు మన్నే. నువ్వు సదువుకున్నోడివి, నువ్వే చెప్పు, పురుగు పట్టకు రమ్మంటావా, శనక్కాయకు పోమంటావా?"

క్వార్టరు దారి పట్టాను. తిరిగొచ్చేసరికి వాచరు కూడా కండువా భుజాన వేసుకుని తయారుగా ఉన్నాడు. అతనికి ఊళ్ళో రెండెకరాలు ఉంది. "రెండే దినాలప్పా" అని, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. రెండు దినాలు ఎనిమిదయ్యాయి.

నేనొక్కణ్ణే గొడ్డలి పట్టుకుని కూర్చున్నాను. రెండు రోజుల్లో ఒకటిన్నర దుంగ ఒలిచాను. అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. నా చేతిలో బెరడు ముక్కలు ముక్కలుగా వచ్చేది, సగం దుంగకే అంటుకుని ఉండేది. కూలీలు కావాలని రేంజికి రాశాను. వారానికి జవాబు వచ్చింది: "స్థానికముగా ఏర్పాటు చేసుకొనవలెను." ఆ కాగితం అందేసరికి మూడు వారాల్లో పది రోజులు అయిపోయాయి.

వాచరు తిరిగొచ్చాడు, కాళ్ళకు ఇంకా ఎర్రమన్ను ఉంది. నా అరచేతులు తిప్పి చూశాడు. తరువాత అన్నాడు: "తాళ్ళు పేనేవాళ్ళకు భూమి లేదు. విత్తేదానికి పోరు. పట్ట ఒలిచేది వాళ్ళకు తెలిసినట్టు ఎవురికి తెలుసు?"

"ఆమె మీద కేసు పెట్టింది నేనే కదన్నా. నువ్వు పోయి అడుగు."

"కేసు పెట్టింది నువ్వు. నువ్వే పోవల్ల."

పోయాను. ఆమె కొట్టం ముందర నార చిక్కు తీస్తోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. నేను వచ్చిన పని చెప్పాను. ఆమె నార కింద పెట్టింది.

"మొన్న ఒలిస్తే కేసు. ఇయ్యాల ఒలిస్తే కూలీనా? అదే పట్ట కదప్పా!"

అందరూ నవ్వారు. నవ్వడం వాళ్ళ హక్కు. నేను తలవంచుకుని నిలబడ్డాను. నవ్వు ఆగాక ఆమె అడిగింది: "ఆ పొద్దు నేను చెప్పిన దుంగలు చూసినావా?"

"లేదక్కా." అక్కా అన్న మాట దానంతట అదే వచ్చింది.

"ఏంటికి?"

"ముందే సంతకం పెట్టేసింటి."

దానికి ఆమె నవ్వలేదు. నా చేతులకేసి చూసింది. "సరే, వస్తాం. ఒలిచిన పట్ట మాకియ్యల్ల."

అది నా చేతిలో లేదు. పట్టలోనే పురుగు ఉంది. కాల్చమని ఆర్డరు. అదే చెప్పాను.

"కాల్చేదానికైతే మేము రాము" అందామె. "కరువులో నార లేక నోరు కట్టుకున్న్యాం. మా చేతులతో ఒలిచి, మా కండ్ల ముందర కాలబెట్టల్లా? నీకు పురుగు సావల్ల, అంతే కదా? నార తీసేదానికి పట్టను నీళ్ళల్లో ముంచి ఎనిమిది దినాలు పెడతాం. మూడో దినానికే దాంట్లో ఉండే పురుగంతా సచ్చి తేల్తాది. మా అవ్వ కాలం నుంచి చూస్తాండాం. కాల్చి సంపితే ఒకటి, ముంచి సంపితే ఒకటినా?"

ఆలోచించుకుంటానని చెప్పే తీరిక లేదు. పదకొండు రోజులు మిగిలాయి. సరే అన్నాను. నా సర్వీసులో ఆర్డరుకు వ్యతిరేకంగా తెలిసి చేసిన మొదటి పని అది.

మరుసటి పొద్దున పద్నాలుగు మంది వచ్చారు. ఆమె అరువు గొడ్డలితో వచ్చింది. "నాది మీ ఆఫీసులో పండుకోనుండాది కదా" అంది. ఆ పదిరోజుల పని చూడటం నాకు దక్కిన భాగ్యం. దుంగ పొడుగునా ఒకే ఒక్క గాటు. గాట్లోకి చివర చదునుగా చెక్కిన కర్ర దూర్చి, పక్కకు తోస్తూ నడుస్తారు. బెరడు చీరమడత విప్పినట్టు ఒక్క పొరగా లేచి వచ్చేది. "గొడ్డలిని నమ్ముకోవద్దప్పా, కర్రతో లేపు. పట్టకు దారి తెలుసు" అని నా చేతికి కర్ర ఇచ్చింది. ఐదోరోజుకు నేను కూడా చిరగకుండా ఒక దుంగ ఒలిచాను. పద్నాలుగు మందీ పని ఆపి చూశారు. వాచరు చప్పట్లు కొట్టాడు.

ఒలిచిన పట్టను కిందనున్న వంకలోకి, అంటే చిన్న వాగులోకి, మోసుకుపోయి, కొత్త వానకు నిండిన మడుగులో ముంచి, తేలకుండా పైన బండరాళ్ళు పెట్టాలి. ఆ రాళ్ళ పని నాకు అప్పజెప్పారు.

ఇరవయ్యో రోజు ఉదయం రేంజరుగారు సైకిలు తోసుకుంటూ వచ్చారు. ఒలిచిన దుంగలు వరసగా, దంతాల్లా తెల్లగా పడి ఉన్నాయి. ఇంకా మూడే మిగిలాయి. ఆయన ముఖం వికసించింది. కాచిన నీళ్ళు రెండు గుక్కలు తాగి, నోటుపుస్తకం తీశారు. చుట్టూ చూశారు.

"బూడిద ఏదయ్యా?"

మడుగు దగ్గరికి తీసుకుపోయి చూపించాను. ఆయన కోపంతో ఎర్రబడటం అప్పుడే చూశాను. "ఆర్డరు కాపీ ఉందా? చదువు. గట్టిగా చదువు."

చదివాను. "బెరడును ప్రోగుచేసి తక్షణమే దగ్ధము చేయవలెను." పద్నాలుగు మంది ముందర, స్కూలు పిల్లవాడిలా.

"దగ్ధమంటే ఇదా? పురుగుకు స్నానం చేయిస్తున్నావా?"

ఆయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, మడుగు అంచున గొంతుక్కూర్చున్నారు. చేతికందిన పట్టముక్క తీసి చాకుతో చీల్చారు. చచ్చిన పురుగు, ఉబ్బి మెత్తబడిపోయింది. ఇంకో ముక్క. అంతే. పది ముక్కలు, ఇరవై ముక్కలు. అరగంట గడిచింది. ఆయన కోపం నెమ్మదిగా దిగుతోందని నాకు ఆశ పుడుతోంది. అప్పుడు ఆయన చేయి ఆగింది. చాకు కొన మీద ఒక తెల్లపురుగు పైకెత్తి పట్టుకున్నారు. అది కదులుతోంది.

ఆమె నీళ్ళలోకి దిగి వచ్చి చూసింది.

"ఈ పట్ట పైన తేలిండాది సారూ. తడవనే లేదు. దీనిమీద రాయి లేదు." నావైపు తిరిగి, "రాళ్ళ పని గార్డప్పది" అంది.

నిజమే. ముందురోజు సాయంత్రం డైరీ రాయాలని తొందరపడి ఒక మూల వదిలేశాను.

రేంజరుగారు పురుగును రాతి మీద నలిపేశారు. ఆమె వైపు తిరిగి, కొంచెం మెత్తగా అడిగారు: "ఈ పురుగు సంగతి నీకు ఇంత వివరంగా ఎలా తెలుసమ్మా? ఎప్పుడు చూశావు?"

"ఎండాకాలంలోనే చూసింటి సారూ, ఆ గుట్ట ఎనకాల..." అని, నావైపు చూసి ఆగిపోయింది. "అదేలే, యాడనో చూసింటి" అంది.

నన్ను కాపాడటానికి ఆమెకు ఏ కారణమూ లేదు. నేను ఆమెను ఒక పగలంతా ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టినవాణ్ణి. కోర్టులో ఆమెకు ఎదురుగా సాక్షిని. ఆమె ఆగిపోవడం నేను తట్టుకోలేకపోయాను.

"గుట్ట వెనక కూపులోనే చూసింది సార్" అన్నాను. "పట్టుకున్న రోజే నాకు చెప్పింది. నేను పోయి చూడలేదు. కూపు ఖాళీ అయిందని చూడకుండానే సంతకం పెట్టాను. మొన్న మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. దుంగలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి."

వాచరు నేలమీదనుంచి తల ఎత్తాడు. రేంజరుగారు చాకు తుడిచి మడిచారు. బూట్లు తొడుక్కున్నారు, లేసులు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఈ మాట చెప్పడానికి ఇంత బెరడు నానాల్సి వచ్చిందా నీకు?" అన్నారు. సైకిలు దగ్గరికి నడిచారు. అక్కడినుంచి వెనక్కి తిరగకుండానే గట్టిగా అన్నారు: "రాళ్ళు సరిగ్గా పెట్టించు!"

అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. పట్ట కాల్చనక్కర్లేదని వాళ్ళకు వెంటనే అర్థమైంది. అప్పటికే నీళ్ళలోకి దిగి రాళ్ళు సర్దుతున్నారు.

అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పడమటి వాలు మీది చెట్లను కాపాడలేకపోయాం. మొదటి వానకే పురుగు వాటిలో లోతుకు దిగింది. ఆ చలికాలమంతా వాటిని కొట్టించి, ఒలిపించి, నాలుగు తరాల చెట్లు బండ్లకెక్కుతుంటే పక్కన నిలబడి లెక్క రాసుకున్నాను. ఒక్కో బండి కదిలినప్పుడల్లా నాకు ఆ మజ్జిగ లోటా గుర్తొచ్చేది. నా మీద చార్జిమెమో వచ్చింది. తరువాతి ఏడు రామగిరి వైపు బదిలీ అయింది. అక్కడికి పోయేముందు, మొదటి ఉరుముల వాన పడ్డ నెలకు, వాచరూ నేనూ తూర్పు వాలంతా రెండురోజులు తిరిగాం. ప్రతి చెట్టు మొదట్లో వంగి చూశాం. పొడి లేదు. వాచరు చివరి చెట్టుకు చెవి ఆనించి విని, "సాకప్పా, చాలు, ఇంటికి పోదాం" అన్నాడు. ఆ అడవి తరువాత చాలాకాలం నిలిచింది.

కేసు వెనక్కి తీసుకోవడం రేంజరుగారి చేతుల్లో లేదు. కానీ ఆయన కోర్టుకు ఒక ఉత్తరం రాశారు. నేను సాక్ష్యంలో చూసింది చూసినట్టు చెప్పాను, ఒక పక్కే ఒలిచిందని, చెట్టు బతికే ఉందని కూడా చెప్పాను. ఈసారి చూసి మరీ వచ్చాను. మేజిస్ట్రేటు ఆమెను హెచ్చరించి వదిలేశారు. గొడ్డలి తిరిగి ఇచ్చారు.

పని ముగిసిన వారానికి రేంజరుగారు ఒక కాగితం పంపారు. ఒలిచినవాళ్ళ పేర్లు రాసి పంపమని, పైవాళ్ళకు పంపే రిపోర్టులో వాటిని చేర్చి, శాఖ తరఫున మెచ్చుకోలు అడుగుతానని. నేను సంబరంగా కొట్టాల దగ్గరికి పోయాను. మడుగులో నానిన నార అప్పటికే ఎండి, తెల్లగా, దండేల మీద వేలాడుతోంది. ఆమె మోకు పేనడం మొదలుపెడుతోంది. కాగితం చూపించి, మొదటి పేరు నీదే రాస్తానక్కా అన్నాను.

"నా పేరు ఏంటికప్పా?" అంది చేతిలో పని ఆపకుండా. "ఇంతవరకు సర్కారోళ్ళు నా పేరు రాసింది ఒకే తూరి. అది కేసులో. మళ్ళా యాడా రాయొద్దు. వీళ్ళ పేర్లు కూడా వద్దు."

ఇది మంచికోసమని చెప్పబోయాను.

"మంచికే రాస్తావు. నువ్వు బదిలీ పోతావు. మళ్ళొచ్చేవాడు ఆ కాయితం తీసి, పట్ట ఒలిచేది ఎవురెవురికి వస్తాదో చూసుకుంటాడు. జేబులో పెట్టుకో. ఇట్ల రా, ఈ కొస పట్టుకో. పట్టుకునేదానికి మనిషి లేడు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రిపోర్టులో చివరికి "స్థానిక కూలీలచే" అని మాత్రమే రాశారు. ఇప్పుడు ఇన్నేళ్ళకు నేను కూడా ఆ పేర్లు రాయడం లేదు.

మూడు పాయల కొసలు నా రెండుచేతుల్లో పెట్టి, ఆమె అవతలి చివరకు పోయి పురి ఎక్కించడం మొదలుపెట్టింది. మీరెప్పుడైనా మోకు పేనడం చూశారో లేదో. పురి ఎక్కేకొద్దీ తాడు పొట్టిదవుతుంది. పట్టుకున్నవాణ్ణి అడుగడుగు ముందుకు లాక్కుంటుంది. నాకు అది తెలియక కాళ్ళు తన్నిపెట్టి బిగబట్టి నిలబడ్డాను. నార కీచుమంది.

"బిగబట్టొద్దప్పా, తెగుతాది" అని ఆమె అటునుంచి కేక వేసింది. "అది పిలిచినట్ల రా."

నేను ఒక అడుగు ముందుకు వేశాను.